ఒక్కసారి చాలదు

“సాయంత్రం ఎప్పుడొస్తావురా?”

అమ్మ ఈ మాట అడగడం ఇది మూడోసారి. మేనేజరు తల వంచుకుని, బూటు లేసులు కట్టుకుంటూనే రెండుసార్లు జవాబు చెప్పాడు. ఈసారి చిర్రెత్తుకొచ్చింది.

“ఒక్కసారి చెబితే చాలదా? పొద్దున్నే ఏంటీ నస! అక్క దగ్గరికి పోయి ఉండరాదూ, నాకు కాస్త మనశ్శాంతిగా ఉంటుంది!”

లేచి తలెత్తేసరికి అమ్మ అతన్నే చూస్తోంది. ఉలుకూ పలుకూ లేదు. మెల్లగా వంటింట్లోకి వెళ్లిపోయింది.

కారెక్కాడు గానీ మనసు మనసులో లేదు. నాన్న పోయాక నానా చాకిరీ చేసి పెంచిన మనిషి. ఛీ, ఏం నోరిది!

ఆఫీసులో మాత్రం ఆ రోజు పండగే. కేకు కోశారు. ఒంటికి పెట్టుకునే చిన్న చిన్న మిషన్లలో పనిచేసే సాఫ్ట్‌వేరే వాళ్ల కంపెనీ అమ్మే సరుకు. ఇన్నాళ్లూ ఒకసారి డబ్బు కడితే జన్మంతా వాడుకునేవాళ్లు. దాన్ని నెలవారీ చందాగా మార్పించిన ఘనుడు మన మేనేజరే. వెనకాల అందరూ ఆయన్ని ‘నెలనెలా సారు’ అంటారు.

కొత్తగా చేరిన అకౌంటెంటమ్మాయి కేకు ముట్టలేదు.

“పాతవాళ్లు ఎప్పుడో కొనేసుకున్నారు కదా సార్. వాళ్లకి కూడా ఎందుకు?”

“ఒకసారి అమ్మితే ఒకసారే డబ్బమ్మా. మర్నాటి నుంచి కొత్తవాడి కోసం వీధులు పట్టుకు తిరగాలి. పాతవాడికేమో ఏళ్ల తరబడి ఊరికే బాగుచేసి పెడుతుండాలి. అదే నెలనెలా అనుకో, జీతంలా వచ్చి పడుతుంది. కొంచెం కొంచెం కాబట్టి కట్టేవాడికీ నొప్పి తెలీదు.”

“మరి నిన్న రాత్రి పాతవాళ్లవి ఆపేసేముందు వాళ్లకో మాట చెప్పాల్సింది కదా సార్?”

“చెబితే ఆలోచిస్తారు. ఆలోచిస్తే మానేస్తారు. ఆగిపోయిందనుకో, ఆ కంగారులో కట్టేస్తారు.”

అందరూ నవ్వారు. తనూ నవ్వబోయాడు గానీ అమ్మ మొహం గుర్తొచ్చింది. పక్కకెళ్లి ఇంటికి ఫోన్ చేశాడు. ఎత్తలేదు. మళ్లీ చేశాడు. ఊహూఁ. అలిగిందన్నమాట.

ఇక కూర్చోలేక పెందలాడే ఇంటికొచ్చేశాడు. తన దగ్గరున్న తాళంచెవితో తలుపు తీసి లోపల అడుగు పెట్టేసరికి గుమ్మం పక్కన అమ్మ చేతిసంచి, బయటికెళ్లే చెప్పులు. తనన్న మాటకి అక్క దగ్గరికి వెళ్లిపోతోందా?

అమ్మ వంటింట్లో అటు తిరిగి గిన్నెలు తుడుస్తోంది.

“అమ్మా!”

పలకలేదు.

“తప్పయిపోయిందమ్మా. ఎక్కడి చిరాకో నీ మీద చూపించా. ఆ మాట అన్నప్పట్నుంచీ నాకు స్థిమితం లేదు. నువ్వెళ్లిపోతే ఈ ఇంట్లో తిన్నావా అని అడిగే దిక్కెవరే నాకు? వెళ్లకమ్మా.”

బుద్ధెరిగాక ఎవరికీ క్షమాపణ చెప్పుకోని మనిషి. అమ్మ ఇటు తిరగలేదు. తుడిచిన గిన్నె పక్కన పెట్టి ఇంకోటి అందుకుంది. ఇంత కోపమా! కన్నతల్లి మనసే విరిగిపోయిందంటే ఇక తనేం మనిషి?

తట్టుకోలేక దగ్గరికెళ్లి భుజం మీద చెయ్యి వేశాడు.

అమ్మ అదిరిపడింది. చేతిలో గిన్నె జారి నేలన పడి గిరగిరా తిరిగింది.

“ఓరి నీ దుంపతెగ, దడుచుకు చచ్చాను! ఎప్పుడొచ్చావురా?”

చీరకొంగుతో చేతులు తుడుచుకుని, చెవి వెనకనున్న మిషను ఊడదీసి అతని అరచేతిలో పెడుతూ అడిగింది: “దీన్ని బాగుచేయించుకుందామనే బయల్దేరుతున్నా, మీ ఆఫీసు నుంచి నువ్వు తెచ్చిందేగా, నిన్న రాత్రి నుంచి ఒక్క ముక్క వినబడితే ఒట్టు... అవునూ, పొద్దున బూట్లు వేసుకుంటూ ఏదో అన్నావు, ఏంట్రా అది?”