నలభై ఒకటో పేజీని కొరికిన ఎలుక

నలభై ఒకటో పేజీని ఎవరు మాయం చేశారు? నగరపాలక సంస్థ కాగితాల్లో ఈ ప్రశ్నకు ఎదురుగా సంతకం ఉంది, ముద్ర ఉంది. నిజమైన జవాబు మాత్రం లేదు.

బడులు, ఆసుపత్రి, గ్రంథాలయంతో కలిపి పందొమ్మిది ప్రభుత్వ భవనాల కప్పులమీద సోలార్ ప్యానెళ్లు పెట్టాలని కౌన్సిల్ తీర్మానించింది. డబ్బుకు మూడు దారులు కనిపించాయి. బ్యాంకులో అప్పు చేయడం, నగరవాసులకే బాండ్లు అమ్మడం, లేదా ఒక కంపెనీ సొంత ఖర్చుతో ప్యానెళ్లు బిగిస్తే పాతికేళ్లు దాని దగ్గరే కరెంటు కొనడం. మూడోదానికి ‘ఉచితం’ అని పేరు పెట్టారు. ఆ పేరు వినగానే సభ్యులు కళ్లజోళ్లు మడిచి జేబుల్లో పెట్టుకున్నారు. రెండువందల పన్నెండు పేజీల ఒప్పందం ముసాయిదా రికార్డు గదిలో నెలరోజులు వారికోసం ఎదురుచూసింది. ఒక్కరూ ఆ గడప తొక్కలేదు.

చదివింది దస్త్రాలమ్మ ఒక్కతే. ముప్పైయొక్క ఏళ్లుగా రికార్డు గదిని కాపాడుతున్న ఆవిడకు ఆఫీసు పెట్టిన పేరది. ఉద్యోగ విరమణకు ఇంకా నాలుగు నెలలే ఉన్నాయి.

నలభై ఒకటో పేజీ దగ్గర ఆవిడ కళ్లజోడు తీసి, తుడిచి, మళ్లీ చదివింది. పాతికేళ్లపాటు ఆ కప్పులు కంపెనీ అధీనంలో ఉంటాయి. దాని అనుమతి లేకుండా పైన ఒక్క ఇటుక కూడా పేర్చరాదు. ఆడపిల్లల బడికి వచ్చే ఏడు పై అంతస్తు మంజూరై ఉంది. ఆ పిల్లలు ఇప్పుడు మెట్లమీద కూర్చుని లెక్కలు చేసుకుంటున్నారు.

ఆవిడ దస్త్రం పట్టుకుని మేయర్ గదికి వెళ్లింది. మేయర్ ఒకప్పుడు పేరున్న దర్జీ. ఇప్పటికీ ఎదుటివాళ్ల ముఖంకంటే ముందు కుట్టు చూస్తాడు. సభామందిరం తెరల కోసం ఎంచిన గుడ్డ నమూనాలు బల్లమీద పరుచుకుని చూస్తున్నాడు. ఎదురుగా ఆయన బావమరిది, అంటే ఆ కంపెనీ ప్రతినిధి, కాలుమీద కాలేసుకుని కూర్చున్నాడు.

“బావా, శుక్రవారం ఓటింగులో గెలుపు మనదేగా? అక్క కూడా అడుగుతోంది.”

“మీ అక్క అడిగాక అవకుండా ఉంటుందిరా?”

అతను వెళ్లాక దస్త్రాలమ్మ ఆ పేజీ చూపించింది. మేయర్ చదివి, దస్త్రం మూసి వెనక్కి జరిపాడు.

“నేను వద్దంటే మా ఇంట్లో పొయ్యి వెలగదమ్మా. సభలో ఎవరైనా అడిగితే వేరే సంగతి. ఎవరూ అడగడం లేదుగా.”

“చదివితేగా అడగడానికి. ఈ ఆఫీసులో ఉన్న కాగితానికి విలువేదండీ, పోయినదానికే. పేజీ పోతే నిబంధన ప్రకారం నకలు తెప్పించి సభలో పైకి చదవాలి. ఉన్న పేజీని ఎవరూ ముట్టుకోరు.”

“మీ సంచి కుట్టు ఊడుతోంది, చూసుకోండి” అన్నాడు మేయర్.

గురువారం ఆ దస్త్రం సంతకాల కోసం నాలుగు గదులు తిరిగి వచ్చింది. పేజీలు లెక్కపెట్టకుండా దస్త్రాలమ్మ అందినట్టు సంతకం చేసింది. ముప్పైయొక్క ఏళ్లలో అదొక్కసారే. శుక్రవారం పొద్దున చూస్తే నలభై ఒకటో పేజీ లేదు.

సభలో కార్యదర్శి నకలు తెప్పించి ఆ పేజీని పైకి చదివాడు. ‘ఒక్క ఇటుక’ దగ్గరికి వచ్చేసరికి కునికిపాట్లు పడుతున్నవాళ్లు కూడా నిటారుగా కూర్చున్నారు. అరగంటలో ‘ఉచితం’ ఓడిపోయి బాండ్లు గెలిచాయి. బావమరిది ముఖం మాడిపోయింది. మేయర్ బల్ల గుద్దాడు.

“బంగారంలాంటి ఒప్పందం చెడిపోయింది. ఆ దొంగ ఎవరైనా సరే, వదిలేది లేదు.”

విజిలెన్స్ అధికారి దస్త్రాలమ్మ పింఛను కాగితాలు ఆపేసి విచారణ మొదలుపెట్టాడు. నాలుగో రోజున, దస్త్రం కుట్టు దగ్గర మిగిలిన కాగితపు అంచును భూతద్దంలో చూసి ఊపిరి పీల్చుకున్నాడు.

“ఎలుకమ్మా. పళ్ల గుర్తులు ఎంత స్పష్టంగా ఉన్నాయో చూడండి. ఎలుకేనని సంతకం పెట్టేయండి, మీ పింఛనుకు అడ్డుండదు.”

“నా గదిలోకి ఇన్నేళ్లలో ఎలుక రాలేదు. వచ్చినా రెండువందల పన్నెండు పేజీల్లో సరిగ్గా అదొక్కటే ఎంచుకుని తింటుందా? అంత చదువుకున్న ఎలుకైతే వచ్చే ఎన్నికల్లో నిలబెట్టండి.”

పింఛను పోయినా పరువు పోనిచ్చేది లేదని ఆవిడ దస్త్రంతో సహా మేయర్ గదికి వెళ్లింది. మేయర్ అంతా విన్నాడు. కుర్చీ చూపించి, ఒక గుడ్డ నమూనా ఆవిడ చేతిలో పెట్టాడు.

“తెరలకు ఈ రంగు నప్పుతుందంటారా?”

పోగులు ఊడకుండా ఆ ముక్క అంచులు రంపపు పళ్లలా కత్తిరించి ఉన్నాయి. దస్త్రాలమ్మ ఆ అంచును చూసింది. దస్త్రం తెరిచి, మిగిలిన కాగితపు అంచు పక్కన పెట్టి చూసింది. పంటికి పన్ను సరిపోయింది.

మేయర్ కిటికీవైపు తిరిగాడు. “ఒక్క ఎలుకను ఒప్పుకోండమ్మా. మళ్లీ రాదు.”

ఆవిడ కలం తీసి, విచారణ పత్రంలో ‘ఎలుక, ఒకటి’ అని గుండ్రంగా రాసి సంతకం చేసింది.

ఆ బావమరిది ఎక్కడైనా ఎదురుపడి ఆరా తీస్తే మీరూ ఎలుకేనని చెప్పండి. వాళ్ల బావ సొరుగులో ఉన్న పళ్ల దర్జీ కత్తెర మాట మాత్రం ఎత్తకండి.