వేళ్ళ చప్పుడు

గోడలకు రంగులేసే ఆవిడ నిచ్చెన మీంచి పడింది. ముంజేతి ఎముకలు విరిగి, మోచేతి కీలు తప్పింది. డాక్టరమ్మ కీలు సరిచేసి, ఎముకలకు ప్లేట్లు బిగించింది. రోజులు గడిచినా వేళ్ళు కదల్లేదు.

"ఇక కుంచె పట్టలేనా?" అని ఆవిడ అడిగితే డాక్టరమ్మ చేతి కట్టు సరిచేసి వెళ్ళిపోయింది.

ఆ రాత్రి ఆసుపత్రిలో ఆవిడ గదిలోంచి టక్ టక్‌మని చప్పుడు. డాక్టరమ్మ టార్చి వేసి చూస్తే, నిద్రలో ఉన్న ఆవిడ వేళ్ళు మంచం కమ్మీని కొడుతున్నాయి!

"లేమ్మా, నీ వేళ్ళు కదిలాయి!"

ఆవిడ ఉలిక్కిపడి లేచింది. "నేను కాదు డాక్టరమ్మా. ఎవరో చల్లటి చేత్తో ఒక్కో వేలూ ఎత్తి దించారు."

గదిలో ఇంకెవరూ లేరు. డాక్టరమ్మ మంచం కింద కూడా టార్చి వేసి చూసింది. ఆ తర్వాత ఆవిడ ముందు చెయ్యి చాపింది.

"ఎవరైతేనేం, ఇప్పుడు నువ్వు పట్టుకో."

ఆవిడ ఎంత గట్టిగా పట్టుకుందంటే, డాక్టరమ్మ నొప్పికి కేక పెట్టి, పకపకా నవ్వేసింది.