రాగి ఆకుల కిరీటం

ముసలయ్య సంచిలోంచి తీసిచ్చిన రాగి తీగ చుట్టను కళావతి అటూ ఇటూ తిప్పి చూసింది.

“ఇంత లావు తీగ మోటార్లలో ఉంటుందా?”

“పాత మోటార్లల్ల ఉంటదమ్మా. కాలిపోయినయి. నా షాపుల శానా పడున్నది.”

అడవి అంచు ఊళ్లో ముసలయ్య మోటార్ల మెకానిక్. కళావతి భద్రాచలంలో ఆడవాళ్లకు చేతిపనులు నేర్పే చిన్న సంస్థ నడుపుతోంది. ప్రాచీన గ్రీకు నగల నమూనాలతో రాగి ఆభరణాలు చేయించి పైదేశాలకు పంపుతుంది. కొనేవాళ్లది ఒకటే షరతు. గనిలోంచి కొత్తగా తవ్వింది వద్దు, వాడి పారేసిన లోహమే కావాలి.

“తీగ నేను ఊకెనే ఇస్త. పని మాత్రం మా ప్రమీలకియ్యాలె,” అన్నాడు ముసలయ్య.

ప్రమీల ఆయన పక్కింటి కోడలు. కిందటేడు ఆమె మొగుడు బాలకృష్ణ తన చేలో మోటారు పక్కన చచ్చిపడి ఉన్నాడు. స్టార్టరు షాక్ కొట్టిందని ముసలయ్యే చూసి చెప్పాడు. పాడె మోసిన నలుగురిలో ఆయనొకడు. అప్పట్నుంచీ ఆ ఇంటికి ఆయనే పెద్ద దిక్కు. పిల్లకు జ్వరమొస్తే సైకిలు మీద దవాఖానాకు తీసుకెళ్లేదీ ఆయనే, కప్పు కారితే పైకెక్కేదీ ఆయనే.

తునికాకు కోసి కట్టలు కట్టిన వేళ్లు ప్రమీలవి. నెల తిరక్కుండానే పని పట్టుబడింది. తీగను నిప్పుల్లో కాల్చి, నీళ్లలో ముంచి, మెత్తబడ్డాక సుత్తితో రేకులా సాగగొట్టేది. కత్తెరతో ఆకులా కత్తిరించేది. మేకు మొనతో ఈనెలు గీసేది. చింతపండుతో తోమితే ఆకు తళతళలాడేది.

చేసినవి చేసినట్టే ముసలయ్య భద్రాచలం చేర్చేవాడు. ఒకసారి ఆమె కూతురి కోసం చిన్న కమ్మలు చేసి దాచుకుంది. వాటినీ అడిగి పట్టుకెళ్లాడు.

“ఊళ్లె ఒక్కటి గూడ ఉంచకు బిడ్డా. దూరం పోనీ.”

రెండేళ్లకు ఆఖరి చుట్ట మిగిలింది. కళావతి ప్రమీలకు ఒక పుస్తకంలో ఆలివ్ ఆకుల కిరీటం బొమ్మ చూపించింది.

“పందెంలో గెలిచినవాళ్లకు గ్రీకులు ఇట్లాంటిది పెట్టేవాళ్లు. చనిపోయినవాళ్లకు కూడా పెట్టి సాగనంపేవాళ్లు.”

ఆ కిరీటానికి పద్నాలుగు రోజులు పట్టింది.

పదిహేనో రోజు పొద్దున ముసలయ్య దాన్ని తీసుకెళ్లడానికి వచ్చాడు. ప్రమీల కిరీటం పట్టుకుని గోడమీది బాలకృష్ణ ఫోటో ముందు నిలబడి ఉంది.

“ఏం జేస్తున్నవ్?”

“ఒక్క గడియ పెడ్త మామా. అటెన్క తీస్కపో.”

“వద్దు! వానికి అది పెట్టకు!”

ఆయన అంత గట్టిగా అరవడం ఆమె ఎన్నడూ వినలేదు.

“ఎందుకు మామా? అమ్మేదానికి మైల తగులుతదనా? నా పిల్లకు ఇంత బువ్వ పెట్టింది ఈ రాగే గద. ఆయనకు చూపియ్యొద్దా?”

 

ఆమె కిరీటాన్ని ఫోటోకు తగిలించి దండం పెట్టుకుంది. ముసలయ్య గడప మీద కూలబడ్డాడు. పసిపిల్లాడిలా వెక్కి వెక్కి ఏడ్చాడు. ప్రమీల చెంబుతో నీళ్లు తెచ్చి ఆయన చేతికిచ్చింది.

“ఊకో మామా. నీ అసోంటి మనిషి లేకుంటే మేం ఏమైపోతుంటిమో.”

ఆ తీగ ఏ మోటారులోదీ కాదు. అడవిపందుల కోసం బాలకృష్ణ చేను పక్కనున్న తన మొక్కజొన్న చేను చుట్టూ దాన్ని కట్టి కరెంటు పెట్టిందీ, అది తగిలి చచ్చిపోయిన బాలకృష్ణను ఈడ్చుకొచ్చి మోటారు పక్కన పడుకోబెట్టిందీ ముసలయ్యే.