వాక్యంలో రెండో సగం

మిల్లు మూతపడ్డాక నాన్నకు మిగిలిన ఆశ హోటల్లో గేటు దగ్గర ఉద్యోగమొక్కటే. రేపే ఇంటర్వ్యూ. ఇంగ్లీషులో మాట్లాడిస్తారట.

"ఐదర్ అన్నాక ఆర్ రావాలి నాన్నా. ఇదో, అదో అన్నట్టు. నీ సొంత వాక్యం చెప్పు."

"ఐదర్ ఐ గెట్ దిస్ జాబ్..." అని అరిచి ఆగిపోయాడు. ఏళ్ల తరబడి మరమగ్గాల హోరులో మాట్లాడిన గొంతు.

"మెల్లగా! మేనేజరు జడుసుకుంటాడు. ఊఁ, ఆర్?"

మళ్లీ అక్కడే ఆగాడు. మూడోసారీ అంతే.

"ఇంత చిన్న ముక్క గుర్తుండదా? ఇదీ పోతే మన గతేంటి?" నాకు ఏడుపొచ్చేసింది.

నాన్న నా పుస్తకాల సంచి వైపు చూశాడు.

"గుర్తుంది తల్లీ. ఈ ఉద్యోగం రాకపోతే నిన్ను బడి మాన్పించి పనిలో పెట్టాలి. ఆ మాట నా నోటితో ఎలా అనను?"