దువ్వెనకు ఒక్క ఓటు

తను పక్కన లేనప్పుడు పాప ఊపిరి ఆగిపోతుందేమో. కోడలి భయాలన్నిట్లోకీ పెద్దది అదే. అందుకే పాప నిద్రపోయినప్పుడల్లా ముక్కు దగ్గర వేలు పెట్టి చూస్తుంది. వెచ్చగా తగిలితే అప్పుడు తనూ ఊపిరి పీల్చుకుంటుంది.

పోలింగ్ ముగిసే వేళ దగ్గర పడుతున్నా వేలు పెట్టే కూర్చుంది.

"బతికే ఉందిలే, ఇక బయల్దేరు" అంది అత్తగారు. సగం దువ్విన జుట్టులో దువ్వెన అలాగే గుచ్చుకుని పాప కోసం చేతులు చాపింది. పాపకి ఒళ్లు కాస్త వెచ్చగా ఉందని, పొద్దుట్నించీ కోడలు ఆవిణ్ణి గుమ్మం దాటనివ్వలేదు.

"మరి మీ ఓటు, అత్తయ్యా?"

"ఇద్దరం పోతే దీన్నెవరు చూస్తారు? నీది మొదటి ఓటు. చదువెలాగూ మధ్యలో మాన్పించేశారు, ఇదైనా చేసిరా. నా ఒక్క ఓటు లేకపోతే కొంపేం మునగదు."

అదీ నిజమే. ఊరి శివారున ఆ నియోజకవర్గం పుట్టినప్పట్నించీ గొడుగు గుర్తుదే గెలుపు. ఫ్యాక్టరీ క్వార్టర్లలో కార్మికులున్నప్పుడూ గొడుగే, వాటిని కొట్టేసి అపార్ట్‌మెంట్లు కట్టాకా గొడుగే. అభ్యర్థులు మారారు, వాళ్ల కొడుకులొచ్చారు, గొడుగు మాత్రం కదల్లేదు. ప్రచారానికొచ్చేవాళ్లు జీపు దిగకుండానే చెయ్యూపి పోయేవారు. ఇక ఈ చిన్న కాలనీ బూత్‌లో అయితే ఓట్లన్నీ గంపగుత్తగా గొడుగుకే. బూత్ ఏజెంటు మామగారే మరి.

ఒక్క ఓటు తప్ప.

ప్రతి ఎన్నికకీ దువ్వెన గుర్తుకి ఇక్కడ సరిగ్గా ఒక్క ఓటు పడేది. అది టైలరు గుండు తాతదని కాలనీ అంతా తేల్చేసింది. ఒకప్పుడు ఎమ్మెల్యేని నిలబెట్టి "మురుక్కాలవ ఏదయ్యా?" అని అడిగిన మొనగాడు ఆయనొక్కడే.

"నెత్తి మీద వెంట్రుక లేదు, నీకు దువ్వెనెందుకు తాతా?" అని ఏడిపించేవాళ్లు. తాత మిషన్ తొక్కుతూ ముసిముసిగా నవ్వేవాడు.

కోడలు పరుగున వెళ్లి, మామగారు చెప్పినట్టే గొడుగు మీద ముద్ర వేసి, పరుగున తిరిగొచ్చింది. గేటు మూసే ముందు లోపలికెళ్లిన ఆఖరి మనిషి ఆమే.

లెక్కింపు కూడా బూత్ పెట్టిన బడిలోనే, ఆ సాయంత్రమే. దీపాలు పెట్టే వేళకి మామగారు చెప్పులు విడవకుండానే ఇంట్లోకొచ్చాడు.

"సున్నా! దువ్వెనకి సున్నా! గుండు తాతకి బుద్ధొచ్చిందే!"

అత్తగారి చేతిలో పాలసీసా ఆగిపోయింది.

"తాత మారాడా మామయ్యా, అసలు రాలేదా?" అంది కోడలు. "మీరు బూత్‌లో చూశారా?"

"గేటు దగ్గర గుంపుని సర్దడంతోనే సరిపోయింది, ఎవర్ని చూస్తామమ్మా?"

"ఏ పడిపోయాడో ఏమో!"

"తాతకేం అయ్యుండదే" అంది అత్తగారు గబగబా. "సున్నా అంటే సున్నా, అంతే. ప్రతిదానికీ నీ కంగారొకటి."

"కంగారైతే నవ్వుకుందురుగాని, అత్తయ్యా."

పాపని అత్తగారి ఒళ్లో పెట్టేసి, ఎవరూ పొమ్మనకుండానే వీధిలోకి నడిచింది. పెళ్లై వచ్చాక అలా వెళ్లడం అదే మొదలు. "ఈ పిల్లకి పిచ్చి" అని గొణుక్కుంటూ మామగారు వెనకపడ్డాడు.

టైలరు కొట్టు మూసి ఉంది. తలుపు సందులోంచి వెలుగు కనిపిస్తోంది.

"తాతా! ఓ తాతా!"

జవాబు లేదు. మామగారి గొణుగుడు ఆగిపోయింది. పెరటి తలుపుని భుజంతో గుద్దాడు.

తాత మిషన్ పక్కన నేల మీద పడున్నాడు, ఒక కాలు ఒంటి కింద మడతపడి. కోడలు మోకాళ్ల మీద కూలబడి ముక్కు దగ్గర వేలు పెట్టింది. ముందేం తగల్లేదు. వేలు తియ్యలేదు ఆమె. అప్పుడు, సన్నగా, వెచ్చగా తగిలింది.

"మామయ్యా, ఊపిరుంది! అంబులెన్సు!"

తుంటి ఎముక విరిగిందనీ, తెల్లారేదాకా అలాగే వదిలేసి ఉంటే మనిషి దక్కేవాడు కాదనీ డాక్టరమ్మ చెప్పింది. ఆపరేషనయ్యాక కోడలూ మామగారూ చూడబోతే తాత లేచి కూర్చునున్నాడు.

"తెల్లారకముందే పడ్డానే తల్లీ, అరిచి అరిచి గొంతు పోయింది. నీకెలా తట్టింది?"

"దువ్వెన ఓటు పడలేదు తాతా. అందుకని."

తాత నవ్వబోయి నొప్పికి మూలిగాడు. "నేనెప్పుడూ గొడుగుకే వేశానే పిచ్చి మొద్దూ!"

మామగారు నోరు తెరిచాడు. "మరి ఇన్నేళ్లూ మేం ఆడిపోసుకుంటుంటే కాదనలేదేం?"

"కాదంటే నా గుమ్మం ఎవడు తొక్కుతాడు? ఒంటి మనిషిని. దెప్పడానికైనా వచ్చేవాళ్లుగా."

మామగారు తల దించుకున్నాడు. ఇప్పుడు రోజూ పేపరు చదివేది తాత కొట్లోనే. కోడలు కూడా టీ పట్టుకెళ్తుంది, పాపని అత్తగారికి వదిలి. ముక్కు దగ్గర వేలు పెట్టడం మానలేదు గానీ తగ్గించింది.

తాత అన్న మాటలు కోడలు వచ్చి చెప్పినప్పుడు అత్తగారు పాపని ఒళ్లోకి లాక్కుంది. పాప జుట్టు దువ్వుతూ, "వచ్చే ఎన్నికలకి ఇది నడుస్తుంది. అందరం వెళ్దాం" అంది, అంతే.

ఆ ఒక్క ఓటు ఎవరిదో కాలనీకి ఇప్పటికీ అంతుపట్టలేదు. మీ బూత్‌లోనూ ఎప్పుడూ పడే ఓటు ఉన్నట్టుండి పడకపోతే, పుణ్యముంటుంది, వీధిలో నాలుగు తలుపులు తట్టి చూడండి.

కాకపోతే ముందు, పిల్లనెత్తుకుని ఇంట్లో ఉండిపోయిన మీ అత్తగారిని అడగండి.