రెండు నిమిషాల్లో వచ్చేస్తా

"ఇవాళ కూడా నన్ను ఒంటరిగా కూర్చోబెట్టారంటే, ఇటు నుంచి ఇటే మా అక్కయ్య వాళ్లింటికి వెళ్లిపోతాను" అంది భార్య, మెనూలోంచి తల ఎత్తకుండా.

భర్త బుద్ధిగా తల ఊపాడు. అతను గడియారాలు బాగుచేస్తాడు. ఊరందరికీ టైము సరిచేసే ఆ మహానుభావుడు, తను మాత్రం ఏనాడూ వేళకి ఇల్లు చేరిన పాపాన పోలేదు. అందుకే ఈ బుజ్జగింపు విందు. వీధి చివరనున్న ఈ చిన్న రెస్టారెంటులో అప్పటికప్పుడు పిండి కలిపి పాస్తా చేస్తారు. దానికోసం జనం పడి చస్తారు.

ఆర్డరిచ్చి చాలాసేపైంది. పాస్తా జాడ లేదు. కడుపులో ఎలుకలు పరుగెడుతున్నాయి. భార్య ముఖం మాడ్చుకుంది.

"రెండు నిమిషాల్లో కనుక్కుని వచ్చేస్తా" అంటూ అతను వంటగదిలోకి దూరాడు.

లోపల ఏప్రన్ కట్టుకున్న ఒకాయన చెమటలు కక్కుతూ పిండి పిసుకుతున్నాడు. ఇతన్ని చూడగానే ఆయన ముఖం చేటంత అయింది.

"ఆలస్యమైందని అడగడానికేనా వచ్చారు?"

"అవునండీ, మా ఆవిడ..."

"రండి రండి! మీలాంటివారి కోసమే చూస్తున్నా. ముందు చేతులు కడుక్కోండి. ఈ ముద్ద కాస్త పట్టుకోండి."

కాదనలేకపోయాడు. మొహమాటం అంత చెడ్డది. పట్టుకున్నవాడు పిసికాడు. పిసికినవాడు రేకులుగా ఒత్తాడు. బుల్లి బుల్లి మరలు తిప్పిన వేళ్లు కదా, ఆ రేకుల్ని తీగల్లా కోసిపారేశాడు.

"అబ్బ, ఏం పనితనమండీ!" ఆయన గోడకి జారబడి తెగ మురిసిపోయాడు.

"మాస్టారూ, ఉప్పెంత వెయ్యమంటారు?"

"మీకెంత తోస్తే అంత. నన్నడక్కండి."

తలుపు సందులోంచి చూస్తే భార్య బ్యాగు భుజాన వేసుకుంటోంది.

"మాస్టారూ, మా ఆవిడ వెళ్లిపోయేట్టుంది. మీకు పుణ్యం ఉంటుంది, నన్నొదిలెయ్యండి!"

"ఈ ఒక్క వాయి కానివ్వండి. మొదటి ప్లేటు ఆవిడకే పంపిద్దాం."

సర్వరు ప్లేటు పట్టుకెళ్లాడు. భార్య నిలబడే ఒక ముద్ద నోట్లో పెట్టుకుంది. ఆగింది. కూర్చుంది. ఇంకో ముద్ద తింటూ, ఎన్నాళ్లకో నవ్వింది. పిండి చేతులతో తలుపు సందున నిలబడ్డ భర్తకి కళ్లు చెమర్చాయి.

ఇక పరుగున వెళ్లి ఆమె పక్కన కూర్చోవాలి. చేతులు కడుక్కుందామని గిర్రున వెనక్కి తిరిగాడు.

ఆయన అప్పటికే తన ఏప్రన్ విప్పి ఇతని మెడలో వేసేశాడు. వెనక ముడి గట్టిగా బిగించాడు. ఆనక జుట్టు సవరించుకుని, హాల్లోకి ఒక్క ఉరుకున వెళ్లి, మూల టేబుల్ దగ్గర రుసరుసలాడుతున్న ఒకావిడ ఎదురుగా కూలబడ్డాడు.

"కోప్పడకే, మన పాస్తా ఎందుకు ఆలస్యమైందో అడుగుదామని లోపలికెళ్తే, ఇదిగో, ఇప్పటికి వదిలారు!"