పేరు లేని సిరంజీలు

"ఆ పెట్టె ఎక్కడికీ కదలడానికి వీల్లేదు," అన్నాడు ఫార్మసీ బోర్డు ఇన్‌స్పెక్టర్ వెర్నన్ టిల్‌మన్.

లోర్నా ఐస్ పెట్టెను మళ్లీ బల్ల మీద పెట్టింది. పొద్దున్నే తన ఫార్మసీలో కలిపి సిరంజీల్లో నింపిన కంటి మందు అది. కాసేపట్లో వీధి చివరి క్లినిక్‌కు చేరాలి.

"ఒకటి తీసి, మీద లేబుల్ చదవండి."

"మీరే చూడొచ్చుగా? అచ్చక్షరాలేగా!"

"మీరు చదవండి మేడమ్. పైకి."

తప్పు చేసిన పిల్లను క్లాసులో నిలబెట్టి చదివించినట్టుంది. లోర్నా చెవులు వేడెక్కాయి.

"డాక్టర్ ఓస్ట్‌బీ క్లినిక్ వాడకానికి."

"రోగి పేరు?"

"లేదు. సూది ఎవరికి పడాలో డాక్టరు కన్ను చూశాక కదా తేలేది? పోయినేడాది దాకా ఇలాగే పంపాం."

"పోయినేడాది రూలు వేరు. ఇప్పుడు రోగి పేరుతో డాక్టరు చీటీ వస్తేనే మందు కలపాలి. రాష్ట్రం ఊరికే పెట్టలేదు లోర్నా. పాడైన మందు గుచ్చి ఎందరి కళ్లో పోయాయి. ఏ సిరంజి ఎవరికి వేశారో చెప్పే దిక్కు లేకపోయింది."

"నా మందు పాడైందా?"

"కాలేదనే నా నమ్మకం."

"మరి ఈ ఒక్క పూటకి వదిలెయ్యండి. అక్కడికి వచ్చేవాళ్లకి ఈ సూది ఆలస్యమైతే ఉన్న కాస్త చూపూ పోతుంది. మీ బోర్డు తెచ్చిస్తుందా?"

వెర్నన్ మూత అంచు వెంట వేళ్లు జరుపుకుంటూ సీలు టేపు నిదానంగా అంటించాడు.

బయట పికప్‌లో అతని భార్య స్టీరింగ్ ముందు కూర్చుని ఉంది.

"డ్యూటీకి డ్రైవర్ని కూడా పెట్టుకున్నారే," అంది లోర్నా, ఉక్రోషం ఆపుకోలేక.

"ఇక్కణ్ణించి ఇంకోచోటికి వెళ్లాలి," అన్నాడతను.

మనిషి కాదు, బండరాయి అనుకుంటూ లోర్నా క్లినిక్‌కు ఫోన్ చేసింది. రిసెప్షన్‌లో ఉండే పెగ్గీ ఎత్తింది.

"పెగ్గీ, ఇవాళ మందు రాదు. బోర్డాయన సీలు వేశాడు. వచ్చేవాళ్లకి చెప్పెయ్."

"అయ్యయ్యో! మొదటాయన ఈపాటికి బయల్దేరే ఉంటాడు. ఉండు, ముందు ఆయన్ని ఆపుతా."

లోర్నా ఫోన్ పెట్టేసింది. కోపంతో పెట్టె వైపే చూస్తూ నిలబడింది.

వెర్నన్ జేబులో ఫోన్ మోగింది.

"తెలుసు పెగ్గీ," అన్నాడతను. "మళ్లీ ఎప్పుడు రమ్మంటారు?"